మూడు నిమిషాల ధర

మధ్యాహ్నం పన్నెండు కాగానే మా బోర్డు మీద బొంబాయి కాల్స్ మొదలయ్యేవి. నేను హైదరాబాద్ ట్రంక్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేరింది 1978లో. తెనాలి నుంచి వచ్చిన కొత్త. షేరంటే ఏమిటో అప్పటికి నాకు తెలియదు. కోఠీ బ్యాంక్ స్ట్రీట్ చుట్టుపక్కల నంబర్ల నుంచి ఆ రెండు గంటల్లో వచ్చే కాల్స్ మాత్రం మిగతావాటిలా ఉండవని వారంలోనే తెలిసింది. అన్నీ లైట్నింగ్ కాల్సే. ఆర్డినరీ కాల్‌కి ఎంతో, అర్జెంట్‌కి దానికి రెట్టింపు, లైట్నింగ్‌కి ఎనిమిది రెట్లు. ఇంట్లో మనిషి పోయిన కబురు చెప్పడానికి కూడా జనం అర్జెంట్‌తో సరిపెట్టుకునేవాళ్లు. మూడు నిమిషాల మాటకి ఎనిమిది రెట్లు కట్టేవాళ్లు ఎవరా అని పక్క సీటులోని సీనియర్‌ని అడిగితే, "షేర్ల సేఠులమ్మాయ్. బొంబాయిలో వాళ్ల బేరాల హాలు, రింగు అంటారు, పన్నెండు నుంచి రెండు దాకే. ఆ తర్వాత ఎంత అరిచినా లాభం లేదు" అంది.

ఎస్టీడీ ఉన్న ఫోన్లు లేకపోలేదు, కానీ ఆ వేళకి లైను దొరకడం గగనం. అందుకే మా దగ్గరికొచ్చేవాళ్లు. కాల్ కలిపాక వినకూడదు. కాకపోతే మాట అందుతోందో లేదో చూడాలి, మూడు నిమిషాలు కాగానే మధ్యలోకి వెళ్లి చెప్పాలి. ఆ క్షణంలో చెవిన పడేవి అంకెలే. ఫలానాది రెండొందల పది, ఫలానాది తొంభై రెండున్నర. ఆ అంకెలతో ఒక్క షేరు కూడా నేను కొనలేదు, మా పిన్నికీ బాబాయికీ చెప్పలేదు. ఉద్యోగంలో చేరినప్పుడు ఇచ్చిన మాట అది.

కానీ అదే అంకె మర్నాడు పొద్దున మా ఇంటి గుమ్మం ముందు పేపర్లో కనబడేది. సేఠుకి పన్నెండున్నరకి తెలిసిన ధర మాకు మర్నాడు ఆరింటికి తెలిసేది. నలభై ఏళ్లుగా నేను ఆలోచిస్తున్నది ఆ పదిహేడున్నర గంటల గురించే. పెరిగే కంపెనీ ఏదో కనుక్కోవడానికి దారులున్నాయి. దాన్ని ఎప్పుడు కొనాలన్నది వేరే సంగతి. మాలాంటివాళ్లు ఆ 'ఎప్పుడు'ని ఏ కాలంలో ఎలా తేల్చుకున్నారో రాసిపెట్టినవాళ్లు నాకు కనబడలేదు. అందుకని నేను రాస్తున్నాను.

వార్త ఆలస్యంగా అందడం ఈ వ్యాపారానికి పుట్టుకతోనే ఉంది. అమెరికాలో అంతర్యుద్ధం జరుగుతున్నప్పుడు అక్కడి పత్తి ఇంగ్లండు మిల్లులకి అందక మన పత్తికి గిరాకీ పుట్టింది. ఆ డబ్బంతా బొంబాయిలో షేర్ల మీదికి మళ్లింది. దళారి ప్రేమ్‌చంద్ రాయ్‌చంద్ పేరు ఊరంతా మారుమోగింది. సముద్రాన్ని పూడ్చి నేల తీస్తామన్న బ్యాక్ బే కంపెనీ షేరుకి కట్టింది 5,000 రూపాయలైతే, అది 50,000 దాకా పాకింది. 1865 ఏప్రిల్‌లో దక్షిణాది సేనాని లొంగిపోయాడు, అంటే యుద్ధం ముగిసి అమెరికా పత్తి మళ్లీ వస్తుందని. అట్లాంటిక్ మీద తంతి ఇంకా పనిచేయని కాలం, ఆ కబురుని ఆవిరి ఓడే మోసుకురావాలి. కబురు దారిలో ఉన్నంతకాలం బొంబాయిలో కొనేవాళ్లు కొంటూనే ఉన్నారు. ఆ జులై ఒకటో తేదీకి అంతా కూలింది. టౌన్ హాలు దగ్గర చెట్ల కింద నిలబడి బేరాలాడిన దళారులు పదేళ్లకి, 1875లో, ఒక సంఘంగా ఏర్పడ్డారు. బొంబాయి స్టాక్ ఎక్స్ఛేంజి అదే.

మన ఊళ్లో ఎక్స్ఛేంజి 1943 నవంబర్లో వచ్చింది, నిజాం రాజ్యం ఉండగానే. సిర్పూరు కాగితం మిల్లు, బోధన్ చక్కెర ఫ్యాక్టరీ, సింగరేణి గనులు అప్పటికే ఉన్నాయి. భారత ప్రభుత్వపు గుర్తింపు 1958లో వచ్చింది. నేను ఎరిగిన రోజుల్లో అది కోఠీలో ఉండేది, తర్వాత హిమాయత్‌నగర్‌కి, ఆపైన సోమాజిగూడకి మారింది. 2007లో గుర్తింపు పోయింది. మా కాలంలో హైదరాబాద్ రింగు తన ధరని తాను చెప్పడం తక్కువ, బొంబాయి ఏమందో విని కదలడం ఎక్కువ. ఆ వినికిడికి తీగ మా బోర్డు.

మావారు ఏజీ ఆఫీసులో పనిచేసేవారు. మా ఇంట్లోకి షేర్లు వచ్చింది అప్లికేషన్ ఫారాల రూపంలో. విదేశీ కంపెనీలు తమ వాటా నలభై శాతానికి తగ్గించుకోవాలని 1973 చట్టం చెప్పింది. కోకా-కోలా 1977లో మూటముల్లె సర్దుకుంది. ఉండిపోయినవి షేర్లు జనానికి అమ్మాయి. అమ్మే ధర కంపెనీ ఇష్టం కాదు, ఢిల్లీలో కంట్రోలర్ ఆఫ్ క్యాపిటల్ ఇష్యూస్ అనే అధికారి లెక్కగట్టి చెప్పేవాడు. ఆయన లెక్క జరిగిపోయిన లాభాల మీద. రాబోయే లాభాలకి ఆయన విలువ కట్టేవాడు కాదు. కాబట్టి పెరిగే కంపెనీ షేరు చవగ్గా వచ్చేది, ఎప్పుడు కొనాలన్న ప్రశ్నే ఉండేది కాదు. ఇష్యూ వచ్చినప్పుడు ఫారం నింపడం, చెక్కు జతచేయడం, లాటరీలో పేరు రావాలని కోరుకోవడం. కోఠీలో బ్రోకర్ల గుమ్మాల దగ్గర ఫారాల కట్టలుండేవి. వాటి మీద ముందే బ్రోకరు రబ్బరు స్టాంపు. మన ఫారం మీద ఆయనకి కమిషన్. మావారు ఒకటే పెన్నుతో నాలుగు పేర్ల మీద నింపేవారు. మూడుసార్లకి ఒకసారి తగిలేది. ఆ కాలంలో మధ్యతరగతి ఇళ్లలో షేర్ల మీద నమ్మకం పుట్టించింది ఆ చవక ధరే అని నేననుకుంటాను.

అప్పుడు కొన్నదాన్ని అమ్మకుండా ఉంచుకోవడానికి కారణం ఓపిక ఒక్కటే కాదు, కాగితం కూడా. షేరంటే సర్టిఫికెట్టు. కొనాలంటే ట్రాన్స్‌ఫర్ డీడ్ మీద నూటికి అర్ధరూపాయి లెక్కన స్టాంపులు అంటించి కంపెనీకి పంపాలి. పేరు మారి రావడానికి నెలా, రెండు నెలలా, ఎవరూ చెప్పలేరు. అమ్మినవాడి సంతకం తేడా వస్తే 'బ్యాడ్ డెలివరీ' అని తిరుగుటపాలో వచ్చేది. బోనస్ ప్రకటించిన కంపెనీలో బుక్ క్లోజర్, అంటే వాటాదారుల జాబితా మూసే తేదీ, ముందు కొంటే, అది అయ్యేలోగా పేరు మారకపోతే, ఆ బోనస్ పాత యజమాని ఇంటికి పోయేది. దాని వెంట తిరగడం మన వంతు. అందుకని ఎప్పుడు కొనాలి అని బ్రోకరు దగ్గర గుమాస్తాని అడిగితే, ధర ఊసెత్తకుండా, "బుక్ క్లోజర్ అయ్యాక తీసుకోండమ్మా, ప్రాణం సుఖంగా ఉంటుంది" అనేవాడు. మంచి సలహా. ఒక తరం హైదరాబాదీలు కొనే వేళని ఇలాగే నిర్ణయించుకున్నారు.

ఏది పెరుగుతుందో మాత్రం మన ఊళ్లో కళ్ల ముందే కనబడేది. బాలానగర్‌లోని ప్రభుత్వ మందుల ఫ్యాక్టరీ ఐడీపీఎల్‌లో పనిచేసిన కెమిస్టులు బయటికొచ్చి సొంత కంపెనీలు పెడుతున్నారు. మందు మీద కాకుండా తయారుచేసే పద్ధతి మీదే పేటెంటు అన్న 1970 చట్టం వాళ్లకి దారి తెరిచింది. అంజిరెడ్డిగారు ఐడీపీఎల్‌లో చేసినవారే. ఆయన పెట్టిన డాక్టర్ రెడ్డీస్ 1984లో పుట్టి రెండేళ్లకే షేర్లు జనానికిచ్చింది. మా వీధిలో ఐడీపీఎల్ వాళ్లు ముగ్గురుండేవారు. ఎవరి ఫ్యాక్టరీలో మూడో షిఫ్టు మొదలైందో వాళ్లకి పేపరు కంటే ముందే తెలిసేది. అయినా వాళ్లలో డబ్బు చేసుకున్నవాళ్లు తక్కువ. ఎందుకంటే అందరిదీ ఒకటే మాట: "ఇప్పటికే పెరిగిపోయింది, తగ్గాక చూద్దాం."

ఆ మాట మన రక్తంలోది. తెనాలి మార్కెట్లో మా అమ్మ వంకాయలు బేరమాడింది తగ్గించడానికే. మామిడిపళ్లు కాపు ముదిరి ధర దిగాక కొనేవాళ్లం. నిన్న ఐదు రూపాయలున్నది ఇవాళ ఆరైతే ఇంకో కొట్టుకి నడిచేవాళ్లం. సంసారానికి అదే సరైన తెలివి. పెరిగే కంపెనీ షేరు దగ్గర ఆ తెలివి ఎదురు తిరుగుతుంది. నిజంగా పెరుగుతున్న కంపెనీ ధర, ఆరు నెలల కిందటి ధర కంటే ఎక్కువే ఉంటుంది. తగ్గాక కొందామని కూర్చున్నవాడికి చివరికి దొరికేది ఎదుగుదల ఆగిపోయిన షేరు.

1992లో నేనూ దెబ్బ తిన్నాను. ఏసీసీ సిమెంటు షేరు రెండొందల దగ్గర మొదలై తొమ్మిది వేల దాకా పోతోంది. ఇంట్లో పనిమనిషి కూడా సెన్సెక్స్ ఎంతని అడిగేది. నా రెండు జతల గాజులు అమ్మి ఒక కంపెనీ షేర్లు కొన్నాను. కంపెనీ పేరు ఇక్కడ అక్కర్లేదు. దాని ఫలితాలు చూడలేదు, పాత ధరలు చూడలేదు. నలుగురూ కొంటున్నారని కొన్నాను. సెన్సెక్స్ ఏప్రిల్ 22న 4,467 దగ్గర ఉంది. మర్నాడే, షేర్లు ఎగదోసిన పెద్ద బ్రోకరు స్టేట్ బ్యాంకు సొమ్ము వాడుకున్న సంగతి పేపర్లో బయటపడింది. నా షేరు మూడోవంతుకి దిగేదాకా అమ్మలేదు, ఎందుకంటే ఎక్కడ అమ్మాలో కొన్నప్పుడు అనుకోలేదు. మావారు ఒక్క మాట అనలేదు. అనకపోవడమే నాకు ఎక్కువ కష్టమైంది.

ఆ ఏడాదే, ఎండలు పోయాక, ఒక ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల్లో నికొలస్ డార్వాస్ పుస్తకం దొరికింది. 1960లో అచ్చయినది. హంగరీలో పుట్టి యుద్ధకాలంలో దేశం వదిలి పారిపోయిన నాట్యకారుడు ఆయన. అక్కడే నిలబడి మొదటి పేజీలు చదివాను, ఆ రాత్రికి పూర్తి చేశాను. పుస్తకం నన్ను పట్టుకున్నది ఆయన సంపాదించిన ఇరవై లక్షల డాలర్లకి కాదు, టెలిగ్రాములకి. రెండేళ్లు ఆయన ప్రపంచమంతా నాట్యప్రదర్శనలిస్తూ తిరిగాడు. సైగాన్‌లో ఉన్నా కఠ్మాండులో ఉన్నా న్యూయార్కు బ్రోకరు రోజూ తన షేర్ల ధరలు తంతిలో పంపాలి. అంకెలూ పొడి అక్షరాలూ తప్ప మాటలుండవు. వాటితోపాటు ఎయిర్‌మెయిల్లో రోజులు ఆలస్యంగా అందే బారన్స్ అనే వారపత్రిక. లోరిలార్డ్ అనే సిగరెట్ల కంపెనీ షేరు కదలడం ఆయన 1957లో ఆ పత్రికలోనే గమనించాడు.

ఆయన పద్ధతి ఇది. ఒక షేరు కొన్ని వారాలు 35కీ 40కీ మధ్య తిరుగుతోందనుకోండి, దాన్ని ఒక పెట్టె అన్నాడు. లోపల ఎంత దూకినా పట్టించుకోడు. పై గీత, అంటే 40, దాటిన క్షణంలో కొనమని ముందే ఆర్డరు పెట్టి ఉంచుతాడు. కొన్న ధరకి కాస్త కిందే అమ్మే ఆర్డరు కూడా. పెరుగుతూ పోతే కొత్త పెట్టె పాత పెట్టె మీద కూర్చుంటుంది, అమ్మే ఆర్డరూ పైకి జరుగుతుంది. లోరిలార్డ్‌లో మొదటిసారి కొనగానే ధర వెనక్కి జారి ఆయన బయటపడ్డాడు. తర్వాత మొదటి ధర కంటే ఎక్కువ పెట్టి మళ్లీ కొన్నాడు! మా వీధిలో ఎవరూ ఆ పని చేసి ఉండరు. అలాగని గీతలొక్కటే నమ్మినవాడు కాదు, లాభాలు పెరిగే కొత్త పరిశ్రమల కంపెనీలనే పెట్టెలో పెట్టేవాడు.

అసలు విషయం ఆ తర్వాత వస్తుంది. ప్రదర్శనలు ముగించి, బాగా సంపాదించి, న్యూయార్కు తిరిగొచ్చాడు. రోజూ బ్రోకరు ఆఫీసులో కూర్చుని ధరలు నడవడం చూడసాగాడు. పక్కవాడి మాటా చెవిన పడుతుంది, పుకార్లూ పడతాయి. కొద్ది వారాల్లో లక్ష డాలర్లు పోగొట్టుకున్నాడు. దూరంలో ఉన్నప్పుడు నిలిచిన పద్ధతి దగ్గరికి రాగానే చెడింది. పారిస్ వెళ్లిపోయాడు, తనకి ఫోన్ చేయవద్దనీ టెలిగ్రాం మాత్రమే ఇవ్వమనీ చెప్పి. మళ్లీ కుదుటపడ్డాడు.

ఆ పేజీ చదివి నేను మా బోర్డుని తలుచుకున్నాను. ఎనిమిది రెట్లు కట్టి మూడు నిమిషాలు కొనుక్కునే గొంతుల్లో ఉన్న కంగారు నేను పద్నాలుగేళ్లు విన్నాను. ఆ పదిహేడున్నర గంటలు మాకు నష్టమని అప్పటిదాకా అనుకున్నాను. ఆ రాత్రి నుంచి అలా అనుకోలేదు.

మా అమ్మాయి పదో తరగతి గ్రాఫు పుస్తకంలో ఖాళీ పేజీలు మిగిలాయి. వాటిలో ఆరు కంపెనీలకి శుక్రవారం ముగింపు ధర, శనివారం పేపర్లోంచి, పెన్సిలుతో చుక్క పెట్టడం మొదలుపెట్టాను. వారానికి ఒక్క చుక్క. అప్పట్లో ఫలితాలు ఆరు నెలలకోసారి వచ్చేవి. కిందటేడు అదే ఆరు నెలల కంటే అమ్మకాలూ లాభమూ రెండూ పెరగాలి, అలా వరసగా రెండుసార్లు పెరగాలి. అంతవరకూ చుక్కలు పెట్టడమే, కొనడం లేదు. ఆ తర్వాత శుక్రవారం చుక్క పాత ఎత్తు గీత దాటితే, సోమవారం బ్రోకరుకి చెప్పేదాన్ని. కొన్న ధర నుంచి నూటికి ఎనిమిది తగ్గినా, పెరిగాక కొత్త పెట్టె అడుగు గీత కిందికి జారినా అమ్మేయడం. ఈ ఎనిమిది అమెరికాలో విలియం ఓనీల్ అనే ఆయన లెక్క అని చాలా ఏళ్ల తర్వాత చదివాను. నేను పెట్టుకున్నది నా గాజుల వల్ల.

ఈలోగా రోజులు మారిపోయాయి. కంట్రోలర్ ఆఫీసు 1992లోనే పోయింది, ధర కంపెనీ ఇష్టమైంది. 1994-95 ఒక్క ఏడాదిలో వెయ్యికి పైగా ఇష్యూలు వచ్చాయి, వాటిలో చాలా కంపెనీల చిరునామాలు తర్వాత వెతికినా దొరకలేదు. ఇన్ఫోసిస్ ఇష్యూ 1993 ఫిబ్రవరిలో 95 రూపాయలకి వస్తే జనం పూర్తిగా తీసుకోలేదు, మోర్గాన్ స్టాన్లీ వచ్చి ఆదుకుంది. జూన్‌లో లిస్టయింది 145కి. ఆ 145 చూసి వద్దనుకున్నవాళ్ల గురించే నేను ఎక్కువ ఆలోచిస్తాను. 95కి దొరకలేదు గనక 145కి కొనడం తెలివితక్కువ అనిపించింది. ఇష్యూలో 9,500 పెట్టి వంద షేర్లు తీసుకుని కదలకుండా కూర్చున్నవాళ్లవి బోనస్‌లూ విభజనా కలిసి 2018కి 1,02,400 షేర్లయ్యాయి. 145కి కొన్నవాళ్ల వందా అంతే అయ్యాయి.

1994 నవంబర్ 3న ఎన్ఎస్ఈ అనే కొత్త ఎక్స్ఛేంజి కంప్యూటర్ తెర మీద షేర్ల వ్యాపారం మొదలుపెట్టింది. డార్వాస్ బ్రోకరుకి తంతిలో చెప్పిన అమ్మే ఆర్డరు ఇక మిషనే పట్టుకుంటుంది. 1996లో డీమ్యాట్ వచ్చి సర్టిఫికెట్లూ స్టాంపులూ బ్యాడ్ డెలివరీలూ తీసుకుపోయింది. 2001లో బదలా, అంటే లెక్క తీర్చకుండా బేరాన్ని తర్వాతికి వాయిదా వేసుకునే పద్ధతి, పోయింది. మా బోర్డులు కూడా ఒక్కొక్కటీ మూతపడ్డాయి. నన్ను బిల్లుల విభాగానికి వేశారు.

1998 నవంబర్లో మాదాపూర్లో సైబర్ టవర్స్ తెరిచారు. ఆ తర్వాతి పదిహేను నెలల్లో నా గ్రాఫు కాగితం చాల్లేదు. కంప్యూటర్ కంపెనీల చుక్కలు పైఅంచు దాటిపోతే మైదా జిగురుతో ఇంకో కాగితం, దాని మీద ఇంకోటి అంటించాను. గోడకి ఆనిస్తే నా భుజం దాకా వచ్చింది. 2000 మార్చి 10న అమెరికా నాస్‌డాక్ 5,048 దగ్గర శిఖరం తాకింది. ఆ తర్వాత ఒక శుక్రవారం నా చుక్క పెట్టె అడుగు గీత కిందికి వచ్చింది. సోమవారం అమ్మేశాను. శిఖరానికి చాలా కిందే. అమెరికాలో ఉన్న మా అన్నయ్య కొడుకు ఫోన్ చేసి తొందరపడ్డావు అత్తా అన్నాడు. రెండేళ్లకి మళ్లీ ఫోన్ చేసి ఆ మాట గుర్తుచేసుకున్నాడు పాపం, గొంతు దిగిపోయి.

చుక్కలు అన్నీ చెబుతాయని నేననను. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ ఛైర్మన్ రాసిన ఉత్తరం బయటికొచ్చింది. లెక్కల్లో చూపిన 5,040 కోట్ల నగదు లేనే లేదు. షేరు ఒక్కరోజులో ముప్పాతిక వంతుకి పైగా పడిపోయింది, అది బుధవారం. నా దగ్గర ఆ షేరు లేదు, చుక్కలు మాత్రం పెట్టేదాన్ని. మూడు వారాల ముందు, డిసెంబర్లో, సొంతవాళ్ల కంపెనీలు కొంటామని చెప్పి గంటల్లో వెనక్కి తీసుకున్నప్పుడే చుక్క అడుగు గీత తెంచుకుని పడింది. ఆ శుక్రవారం చూసినవాళ్లు బయటపడగలిగేవాళ్లు. కానీ ఏళ్ల తరబడి నేను ముందు చూసే పెరిగిన అమ్మకాలూ, పెరిగిన లాభమూ, ఆ కంపెనీవి నా కొలతకి ఎప్పుడూ నిలిచాయి. ఆ అంకెలే అబద్ధమైనప్పుడు నా పద్ధతిలో మొదటి సగం ఏమీ చేయలేదు. ఆ పేజీ చించలేదు. పక్కన 'లెక్కలు' అని రాసి ఉంచాను.

దేశంలో డీమ్యాట్ ఖాతాలు 2022 ఆగస్టుకి పది కోట్లు దాటాయి. 2023 జనవరి నుంచి కొన్న షేరు మర్నాటికే మన ఖాతాలో ఉంటుంది. ఆ డీమ్యాట్ ఖాతాల్లో ఒకటి మా మనవరాలిది. మొన్న బుధవారం పదకొండింటికి ఆఫీసు నుంచి ఫోన్ చేసింది.

"అమ్మమ్మా, నీ పుస్తకంలో ఉన్న ఆ మందుల కంపెనీ పరిగెడుతోంది. కొనేయనా?"

"ఫలితాలు చూశావా?"

"చూశాను. రెండు క్వార్టర్లూ పెరిగాయి. ఇదిగో చూస్తుండగానే ఇంకో రెండు రూపాయలు పెరిగింది."

దాని గొంతు నాకు తెలిసిన గొంతే. కోఠీ నంబర్ల నుంచి మధ్యాహ్నం పన్నెండున్నరకి వచ్చేది. పుస్తకం తీసి చూశాను. పాత ఎత్తు కిందటి ఆగస్టుది, ఎర్ర పెన్సిలు గీత.

"ఇవాళ బుధవారం కదే" అన్నాను.

కాసేపు మాట్లాడలేదు. శుక్రవారం మూడున్నరకి, మార్కెట్టు మూశాక చేస్తానంది. గీత దాటడానికి ఇంకా పద్నాలుగు రూపాయలుంది.